బలిపీఠం లేని చోట ప్రాయశ్చిత్తం ఎలా?

ప్రశ్న: రక్తం చిందనిదే పాపక్షమాపణ లేదని చర్చిలో చెబుతారు. యూదులకు ఇప్పుడు ఆలయమూ లేదు, బలులూ లేవు. మరి వాళ్ల పాపాలు ఎలా పోతాయి?

జవాబు: క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టింది. దాంతో బలులు ఆగిపోయాయి. మిషనరీలు సాధారణంగా పట్టుకునేది ఇక్కడే. లేవీయకాండము 17:11 చూపించి, రక్తం లేదు కాబట్టి క్షమాపణా లేదంటారు. రబ్బీలు ఆ వాక్యాన్ని కాదనరు, దాని ముందూ వెనకా కూడా చదవమంటారు. అక్కడ అసలు విషయం నెత్తురు తినకూడదన్న నిషేధం. అదే గ్రంథం ఐదో అధ్యాయంలో, గువ్వలు కూడా కొనలేని పేదవాడు ఏఫాలో పదో వంతు పిండి తెచ్చినా చాలని ఉంది. ఆ పిండి కూడా రక్తబలులు కాలే బలిపీఠం మీదికే చేరేది కదా అని క్రైస్తవ పండితులు తిప్పికొడతారు.

సరే, మరి నీనెవె సంగతి? యోనా గ్రంథంలో ఆ ఊరివాళ్లు ఉపవాసం ఉండి, గోనె కట్టుకుని, చెడునడత మానుకున్నారు. బలి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అయినా శిక్ష తప్పింది. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు మధ్యాహ్నం సినగాగ్‌లలో చదివేది ఈ గ్రంథాన్నే.

ఆలయం ఉన్న రోజుల్లోనూ బలి ఒక్కటే సరిపోయేది కాదు. దొంగిలించినవాడు ముందు సొమ్ము తిరిగివ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి, పొట్టేలు ఆ తర్వాత. రబ్బీల ధర్మసంకలనమైన మిష్నా దీన్ని ఇంకా బిగించింది. సాటి మనిషికి చేసిన తప్పును, అతణ్ని సమాధానపరచనిదే, యోమ్ కిప్పూర్ కూడా కడగదంది. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిడీస్ ఇంకా వివరంగా రాశాడు. అవతలివాడు క్షమించకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లాలి. రెండోసారి, మూడోసారి కూడా అలాగే. అప్పటికీ కరగకపోతే తప్పు ఇక అతనిదే. ఆ మనిషి చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గరకు తీసుకెళ్లి, వాళ్లముందు ఒప్పుకోవాలి. అదే తప్పుకు మళ్లీ అవకాశమూ, ఒంట్లో సత్తువా ఉండి కూడా మానుకున్నవాడిదే పూర్తి పశ్చాత్తాపమని ఆయన తీర్పు. యూదుల వాదనకు అసలు బలం వాక్యాల పోటీలో కంటే ఇక్కడే ఉంది: నష్టపోయినవాణ్ని పక్కనపెట్టి దేవుడితో నేరుగా లెక్క తేల్చుకోవడం కుదరదు.

ప్రశ్న: యోమ్ కిప్పూర్ ముందు కోడిని తలచుట్టూ తిప్పి కోస్తారట. అది రక్తబలి కాదా?

జవాబు: ఆ ఆచారం పేరు కప్పరోత్. చూడ్డానికి మన దిష్టి తీయడంలా ఉంటుంది. అందరూ చేయరు. చేసేవాళ్లలోనూ చాలామంది కోడికి బదులు డబ్బు తిప్పి పేదలకు ఇచ్చేస్తారు. 16వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్రాన్ని క్రోడీకరించిన యోసెఫ్ కారో ఈ ఆచారాన్ని మాన్పించాలనే రాశాడు. ఇంత గొడవ ఉన్నదాన్ని యూదుమత సిద్ధాంతంగా చూపడం న్యాయం కాదు.

ప్రశ్న: యెషయా 53లోని బాధపడే సేవకుడు యేసేనని, ఆ సేవకుడు ఇశ్రాయేలు ప్రజలన్న వ్యాఖ్యానం 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ కల్పన అని అంటారు. నిజమా?

జవాబు: కాదు. మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెన్, తనతో వాదించిన యూదులు ఆ సేవకుణ్ని చెదిరిపోయిన తమ జాతిగా చెప్పారని రాసుకున్నాడు. అది రాషీకి ఎనిమిది వందల ఏళ్ల ముందటి మాట. యెషయా 41, 44 అధ్యాయాల్లో దేవుడు యాకోబును, ఇశ్రాయేలును పేరుపెట్టి తన సేవకుడని పిలుస్తాడు. అయితే ఈ అధ్యాయాన్ని మెస్సీయకు అన్వయించిన ప్రాచీన రబ్బీలూ ఉన్నారు. ఆ సంగతి దాచిపెట్టి వాదించే యూదుడు అనవసరంగా దొరికిపోతాడు.

ప్రశ్న: మిషనరీ తలుపు తడితే యూదులు వాదించాలా, తలుపు వేసుకోవాలా?

జవాబు: ఒకప్పుడు ఆ ఎంపిక వాళ్ల చేతిలో ఉండేది కాదు. 1263లో బార్సిలోనాలో అరగాన్ రాజు మొదటి జేమ్స్ సమక్షంలో రబ్బీ నాక్మనిడీస్ వాదించాల్సి వచ్చింది. ఎదుటివాడు పాబ్లో క్రిస్తియాని, క్రైస్తవంలోకి మారిన యూదుడు. నాక్మనిడీస్ రాసుకున్నదాని ప్రకారం రాజు ఆయన్ను మెచ్చి 300 దీనార్లు ఇచ్చాడు. కానీ తన వాదనను గ్రంథస్థం చేసినందుకు డొమినికన్ సన్యాసులు వెంటపడ్డారు. చివరికి ముసలితనంలో స్పెయిన్ విడిచి యెరూషలేము చేరాడు.

ఇప్పుడు పరిస్థితి వేరు. యూదులను లక్ష్యంగా పెట్టుకున్న ప్రత్యేక సంస్థాగత మిషనరీ పనిని కాథలిక్ చర్చి చేయదనీ, సమర్థించదనీ 2015లో వాటికన్ కమిషన్ పత్రం చెప్పింది. ఇవాంజెలికల్ సంఘాలకు ఆ నియమం లేదు. అమెరికాలో 1970ల్లో మొదలైన ‘జ్యూస్ ఫర్ జీసస్’కు జవాబుగా 1985లో ‘జ్యూస్ ఫర్ జుడాయిజం’ వచ్చింది. తెలియనివాడితో గుమ్మంలో తగవు పెట్టుకోవాల్సిన పని ఎవరికీ లేదు. మాట్లాడక తప్పనిచోట మాత్రం, ఎదుటివాడు చూపిన వాక్యం దగ్గర ఆగకుండా అధ్యాయమంతా కలిసి చదువుదామని అడగడం మంచిది.

ఈ చర్చ తెలుగులోనూ సాగుతోంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు ఉన్నాయి. మాదిగ కులం నుంచి బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాల వారసులు వీళ్లు. 1980ల చివరి నుంచి యూదుమతాన్ని ఆచరిస్తూ ఊళ్లోనే సినగాగ్ కట్టుకున్నారు. ఇరుగుపొరుగు క్రైస్తవులు చూపించే పాత నిబంధనను వీళ్లు ముందు చర్చిలోనే నేర్చుకున్నారు. కాబట్టి ఇక్కడ మిషనరీ కొత్తగా చెప్పేదీ, యూదుడు కొత్తగా వినేదీ తక్కువ.