గుజ్జు ఫ్యాక్టరీ సంగతి ఎందుకు రాయలేదు పాపా?

పుత్తూరు

పాపా,

మీ నాయన ఫోన్లో పంపిన నీ రెజ్యూమె చూసినాను. మొదట్లోనే కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు వరుసల ఇంగ్లీషు ఉంది. ఐటీఐలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల కాగితాల్లో ఆ వరుసలే చూస్తా వచ్చినాను. జిరాక్స్ అంగట్లో పాత ఫైలు తెరిచి పేరొకటి మార్చి ఇస్తారు. అది తీసెయ్. అక్కడ నువ్వు చేసిన పని రాయి.

రెండు సీజన్లు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయినావు కదా, అదెందుకు రాయలేదు? కూలి పని అని దాచిపెట్టినట్టుండావు. జూన్, జూలైలో తోతాపురి లోడ్లు ఒకదాని వెనక ఒకటి దిగతా ఉంటే, బెల్టు పక్కన షిఫ్టంతా నిలబడి కుళ్లిన కాయలు ఏరినావు. తలకు టోపీ, చేతులకు గ్లౌజులు లేకుంటే లోపలికి రానియ్యరని నువ్వే చెప్పినావు. ఒకరోజు బెల్టు ఆగిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి సెన్సర్ కంటి మీద పడిన గుజ్జు తుడిచేసరికి మళ్లీ నడిచిందని ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పినావో నాకు బాగా గుర్తుంది. నీ డిప్లొమా ఎలక్ట్రానిక్స్. శ్రీసిటీలో మాండలీజ్, కెలాగ్స్ లాంటి తిండి పదార్థాల కంపెనీలుండాయి. అట్లాంటి చోట మోటార్లు, సెన్సర్లు, పీఎల్‌సీలు చూసుకునే మెయింటెనెన్సు మనిషికి శుభ్రత నియమాలు కూడా తెలిసుండాల. నీకు రెండూ తెలుసు. మార్కులకంటే ముందు ఆ సెన్సర్ సంగతే చెప్పు. కళ్లారా చూసింది కాబట్టి, ఎన్ని ప్రశ్నలు తిప్పి అడిగినా నీకు జవాబు ఉంటుంది.

ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ వాళ్ల డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఉంది. అట్లాంటి చోటికి పోతే ప్రశ్నల దారి వేరు. బోర్డు ముట్టుకునే ముందు మణికట్టుకు పట్టీ ఎందుకు కట్టుకుంటారు? మన ఒంట్లో చేరిన స్టాటిక్ చార్జి ఐసీని చంపేస్తుంది, పట్టీ దాన్ని ఎర్త్‌లోకి పంపిస్తుంది. అంతటితో ఆగొద్దు. ఆ తీగలో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది, పొరపాటున కరెంటు తగిలినా మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా. అది కూడా చెప్తే నువ్వు అర్థం చేసుకుని చదివినట్టు వాళ్లకు తెలుస్తుంది. మల్టీమీటర్ తీసుకుని ఇంట్లోనే అభ్యాసం చెయ్. వోల్టేజి కొలిచేటప్పుడు మీటర్ని పక్కన సమాంతరంగా కలపాల, కరెంటు కొలిచేటప్పుడు తీగ విప్పి మధ్యలో కలపాల. చేత్తో చేసినోళ్లు ఇది మర్చిపోరు.

ఇంగ్లీషు గురించి అంత దిగులు పడొద్దు. పరిచయం, చదువు, చేసిన పని, ఈ మూడూ చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో రోజూ పైకి చెప్పుకో, మీ అమ్మ ముందరైనా సరే. మధ్యలో ఆగిపోతే, "తెలుగులో చెప్పొచ్చా సార్" అని అడుగు. తడుముకుంటా తప్పు చెప్పేదానికంటే అదే మేలు.

వాళ్లు అడగడం అయినాక నువ్వూ అడగాల. ఈ మాట ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే చెప్తుండాను. కంపెనీ రోల్ మీద తీసుకుంటారా, కాంట్రాక్టరు కిందనా? పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికెంత వస్తుంది? పీఎఫ్‌కు నీ వాటా 12 శాతం పోతుంది, అంతే వాటా వాళ్లూ కట్టాల. రాత్రి షిఫ్టు ఉందా, బస్సు మన ఊరిదాకా వస్తుందా? మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

టీటీడీలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లు తిరుపతిలో ఎప్పుడూ తిరగతానే ఉంటారు. అట్లాంటోళ్లను నమ్మొద్దని టీటీడీనే ఎన్నోసార్లు ప్రకటించింది. ఇంటర్వ్యూకు ఫీజు, ట్రైనింగుకు డిపాజిట్ అని ఎవరు అడిగినా పైసా ఇయ్యొద్దు. మీ నాయనకు కూడా గట్టిగా చెప్పు, నీ ఉద్యోగం అంటే ఆయన అప్పు చేసైనా కట్టేస్తాడు.

ఇంకొకటి. నాట్స్ అనే అప్రెంటిస్ పోర్టల్‌లో ఈ వారమే పేరు నమోదు చెయ్. డిప్లొమా వాళ్లకు దాంట్లో అప్రెంటిస్ అవకాశాలు వస్తాయి, స్టైపెండ్ ఇస్తారు, చివర సర్టిఫికెట్ ఉంటుంది. మన దక్షిణ రాష్ట్రాలకు దాని ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది. రెజ్యూమె మళ్లీ రాసి ఆదివారం లోగా పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ పెదనాయన