గాయం ఎంత పెద్దదో ట్రిబ్యునల్‌కు తెలిసేదెలా?

మీ మనిషిని వార్డులో చేర్చి బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు పరిహారం సంగతి మీకు తోచదు. అది సహజమే. కానీ కొన్నేళ్ల తరువాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో న్యాయవాదులు వాదించుకునేది ఈ మొదటి రోజు క్యాజువాలిటీలో రాసిన చీటీ గురించే.

"దెబ్బ ఎలా తగిలింది?" అని డ్యూటీ డాక్టరు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పోలీసుల గొడవ ఎందుకని కొందరు మెట్ల మీద నుంచి పడ్డాడంటారు. ఆ మాట కేసు షీటులో చేరితే బీమా కంపెనీ దానినే పట్టుకుంటుంది. కారు గుద్దిందని చెబితే మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేస్తారు. చికిత్స అందుకోసం ఆగదు. కాలు విరిగిన బాధలో తల తిరగడం, చెవి సరిగా వినిపించకపోవడం చెప్పడం మరచిపోతారు. అవీ రాయించండి.

ఇక వైకల్య ధ్రువపత్రం. అందులో శాతం ఎంత ఉంటే అంత డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడండి. ఎడమ చెయ్యి పోయినవాడు డ్రైవరో, వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలవవచ్చు. ఒక కాలికి ఉన్న వైకల్య శాతాన్ని శరీరమంతటికీ వర్తింపజేయరాదని కూడా ఆ తీర్పు చెప్పింది. కాబట్టి మీ మనిషి ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఏది చేయలేడు అన్నది మీరు రుజువు చేయాలి. జీతం చీటీ, డ్రైవింగ్ లైసెన్సు, కూలి లెక్క రాసుకున్న నోటుబుక్కు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, ఇవన్నీ అక్కరకు వస్తాయి.

ధ్రువపత్రం దాఖలు చేసినంత మాత్రాన చాలదు, డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలని అదే తీర్పులో ఉంది. చికిత్స చేసిన డాక్టరయితే మేలు. రోగిని ఎన్నడూ చూడని వారి దగ్గర డబ్బిచ్చి తెచ్చిన కాగితం మీ కేసునే చెడగొడుతుంది.

డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు ఒకే సంచిలో దాచండి. కొన్ని బిల్లుల మీద అక్షరాలు కొద్ది నెలలకే చెరిగిపోతాయి, వెంటనే జిరాక్సు తీయించండి.

2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. వకీలు ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, దివ్యాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.