తల్లికి అప్పగించిన బిడ్డ

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 2:1–10, 1 రాజులు 17:17–24, లూకా 7:11–17.



నాయీను ఊరి గవినియొద్ద ప్రభువు చేసిన అద్భుతము మనమందరము ఎరిగినదే. చనిపోయిన పడుచువాడు లేచి కూర్చుండి మాటలాడెను. మనము సాధారణముగా అక్కడనే ఆగి ఆశ్చర్యపడుదుము. అయితే లూకా మరియొక చిన్న సంగతి వ్రాసియున్నాడు. ప్రభువు వానిని తల్లికి అప్పగించెను. సారెపతులో ఏలీయా విధవరాలి బిడ్డను మేడగదినుండి దింపి ఆమెకు అప్పగించిన చోట పాతనిబంధన గ్రీకు తర్జుమాలో ఏ మాటలున్నవో, లూకా సరిగా ఆ మాటలనే వాడెను. సెమినరీలో ఇది నేర్చుకొన్న దినమున మేము దీనిని భాషా విషయముగా మాత్రమే వ్రాసికొంటిమి. దాని భారము చాల యేండ్లకు గాని మాకు తెలియలేదు.

మోషే సంగతి చూడుడి. ఏటియొడ్డున జమ్ము పెట్టెలో విడువబడిన బిడ్డను ఫరో కుమార్తె కనికరించెను. ఆమెకు నగరున్నది, దాసీలున్నారు. అయినను, దూరమున నిలిచి కనిపెట్టుచున్న అక్క వచ్చి అడుగగా, బిడ్డ మొదట కన్నతల్లి యొద్దకే చేరెను. పైగా పెంచినందుకు ఆ తల్లికి జీతము ముట్టెను. (ఆమె కన్నతల్లియని రాజకుమార్తెకు తెలిసినట్లు అక్కడ లేదు. తెలిసినది ఆ అక్కకే.) ఆ తల్లి ప్రేమలేక విడువలేదు, రాజాజ్ఞ మూలముగా ఇక దాచలేక విడిచినది. మన పల్లెలలో నేటి రాజాజ్ఞలు వేరు: అప్పు, సారా, వలస కూలి, మారుమనువు.

ఇట్టి పిల్లలలో అనేకులు రైలెక్కి విజయవాడ స్టేషనులో దిగుదురు. ఎన్నో దిక్కుల బండ్లు కలియు చోటు అది. అక్కడ 1989లో సలేషియను గురువులు నవజీవన్ బాలభవన్ ఆరంభించి, వీధిపిల్లలను చేరదీయుటకు పూనుకొనిరి. వారు మన మందలోనివారు కారు, రోమను సంఘమువారు. అయినను వారి యొద్ద మనము నేర్చుకొనవలసినది కలదు. అన్నము, పడక దొరికినంత మాత్రాన ఈ పని ముగియదు. పిల్లవాడు తన ఊరి పేరు చెప్పలేడు. చెరువు, బడి, బస్సు మీది బొమ్మ, మేనమామ పేరు, ఇట్టివి ఒక్కొక్కటి చెప్పును. వాటిని బట్టి ఇల్లు వెదకవలెను. ఇల్లు దొరికిన వెంటనే పంపివేయుటయు తగదు. ఎందుకు పారిపోయెనో ముందు తెలిసికొనవలెను. కొట్టిన చేయి ఇంకను ఆ యింటనే యున్నయెడల వాడు మరల రైలెక్కును, లేదా అంతకంటె కీడు జరుగును.

2015 సంవత్సరపు బాలల న్యాయ చట్టము ప్రకారము, దొరికిన బిడ్డను ప్రయాణకాలము గాక 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీ యెదుట నిలువబెట్టవలెను. బిడ్డను తిరిగి కుటుంబమునకు చేర్చుట ప్రతి బాలల గృహమునకు ముఖ్యోద్దేశమని ఆ చట్టమే చెప్పుచున్నది.

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో తండ్రి పోయిన పిల్లవాడొకడుండెను. తల్లి మిరపకోతకు దూరపు ఊళ్లు పోవుచుండెను. వానికి ఒక బోర్డింగులో చోటు దొరకవలెనని, "తలిదండ్రులు లేని బాలుడు" అని మేము ఉత్తరము వ్రాసి సంతకము చేసితిమి. మేలు కొరకే గదా అనుకొంటిమి. ఏడాది తిరుగకముందే వాడు పారిపోయి రైలుస్టేషనులో దొరికెను. తల్లి పరుగెత్తుకొని పోగా, అధికారులు మా ఉత్తరము చూపి, ఈ బిడ్డకు తల్లి లేదని మీ పాస్టరుగారే వ్రాసిరి గదా అని అడిగిరి. బ్రదికియున్న తల్లి తాను తల్లినని రుజువు చేసికొనవలసి వచ్చెను. ఆమె మా గడపలో కూర్చుండి ఏడ్వలేదు. "అయ్యగారూ, నన్ను చంపి వ్రాసినారా?" అని మాత్రము అడిగెను.

మేము బాప్తిస్మపు పుస్తకము చంకన పెట్టుకొని ఆమెతో కూడ కమిటీ యెదుటికి పోతిమి. అందులో ఆమె పేరు మా చేతివ్రాతలోనే యుండెను. రెండు వ్రాతలును మావే. ఏది నిజమో మేమే నోరు తెరచి చెప్పవలసివచ్చెను. తరువాత వారు ఇల్లు చూచి, అమ్మమ్మను విచారించి, వానిని పంపిరి.

ఇట్టి తల్లులకు సహాయము లేకపోలేదు. మిషన్ వాత్సల్య పథకము క్రింద విధవరాండ్ర పిల్లలకును, విడువబడిన తల్లుల పిల్లలకును, అర్హత ప్రకారము నెలకు 4000 రూపాయలు ఇంటియొద్దనే పెంచుటకు ఇచ్చెదరు. జిల్లా బాలల సంరక్షణ విభాగములో దరఖాస్తు చేయవలెను. వ్రాయుట రానివారికి మేము వ్రాసి పెట్టుదుము. త్రోవతప్పిన బిడ్డ కనబడినయెడల 1098కు ఫోను చేయుడి. రాత్రియైనను పలుకుదురు. జాలిపడి ఎవరును తమ యింట దాచి పెంచుకొనరాదు. ఆ బిడ్డను వెదకువారు ఎక్కడనో ఉందురు.

ఆ పిల్లవాడు ఇప్పుడు మన ఊరి బడిలోనే చదువుచున్నాడు. ఫిబ్రవరి, మార్చి నెలలలో తల్లి ఇంకను మిరపకోతకు పోవుచున్నది, వాడు అమ్మమ్మ యొద్ద నుండును. ఆ నెలలలో మేము వారమునకొకసారి పోయి చూచి, వానిచేత తల్లికి ఫోను చేయించి వచ్చుచున్నాము.