విశాఖపట్టణపు కుర్చీ

లండను నగరమున విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల కలదు. నేతపని, కొయ్యపని, లోహపుపని మున్నగు కళలకు చెందిన వస్తువులు అందు వేలకొలదిగా చేర్పబడియున్నవి. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు ఏనుగుదంతము పొదిగి చేసిన కుర్చీలును, పెట్టెలును వానిలో ఉన్నవి. ఆ శాలకు అనుబంధముగా జాతీయ కళా గ్రంథాలయమొకటి కలదు. 1837లో లండనులో నెలకొల్పబడిన ప్రభుత్వ కళాపాఠశాల పుస్తకములతో అది ఆరంభమైనది.

ఇట్టి కుర్చీలపై చేసినవాని పేరు గాని, చేసిన సంవత్సరము గాని సాధారణముగా ఉండదు. మరి అది ఎచ్చటిదో, ఎప్పటిదో తెలిసికొనుట ఎట్లు? పరిశోధకుడు మొదట కుర్చీని చక్కగా పరిశీలించి, కొలతలు తీసికొని, బొమ్మ గీసికొనును. పిదప గ్రంథాలయమునకు పోవును. అచట పాత పుస్తకములను ఇంటికి ఈయరు, బల్లయొద్దనే చదువవలెను. సిరా కలము పనికిరాదు, పెన్సిలు మాత్రమే వాడవలెను. ఒక్క సిరాచుక్క రెండువందల యేండ్ల పుటను పాడుచేయగలదు కదా!

అతడు మొదట అడుగునది వడ్రంగుల నమూనా పుస్తకము. థామస్ చిప్పెండేల్ అను లండను వడ్రంగి 1754లో కుర్చీలు, బల్లలు, మంచములు మున్నగువాని బొమ్మలను రాగిరేకులపై చెక్కించి, అచ్చొత్తించి, పుస్తకముగా ప్రకటించెను. 1762 నాటి మూడవ కూర్పులో అట్టి బొమ్మల పుటలు 200 ఉన్నవి. ఇంగ్లీషు అక్షరము రానివాడైనను, నేర్పుగల పనివాడు ఆ బొమ్మను చూచి కుర్చీ చేయవచ్చును. పరిశోధకుడు పుట వెంట పుట త్రిప్పును. ఒకచోట వీపుపలకలోని కత్తిరింపు తన కుర్చీని పోలియుండును. ఇంకేమి, ఇది 1754 నాటి లండను కుర్చీయే యని తొందరపాటువాడు వ్రాసికొనును. అది పొరపాటు. బొమ్మ వెలువడిన పిమ్మట పదియేండ్లకో ఇరువదియేండ్లకో దానిని చూచి కుర్చీ చేసియుండవచ్చును. చేసినచోటు వేల మైళ్ల దూరమున ఉండవచ్చును.

ఇక కుర్చీ అంచును చూడవలెను. నల్లని కర్రలో దంతపు రేకులు పొదిగి, పూలతీగెలు దిద్దినారు. రేకులపై సన్నని గీతలు గీసి, వానిలో నల్లని లక్క నింపినారు. ఈ తీగెలు చిప్పెండేల్ పుటలలో కానరావు. కోరమండల తీరపు అద్దకపు వస్త్రములను గూర్చిన పుస్తకములు తెరచినచో వాని అంచులలో ఇట్టి తీగెలే కనబడును. ఆ తీరమునుండి యూరపునకు ఓడలపై పోయిన కలంకారీ దుప్పట్లపై నున్న పూలే కుర్చీపైకిని ఎక్కినవి. ఆకారము లండనుది, అలంకారము తెలుగుతీరముది! 1756లో విశాఖపట్టణమును చూచిన ఒక ఇంగ్లీషు సేనాధికారి అచటి పొదుగుడుపనిని మిక్కిలి మెచ్చుకొని వ్రాసినాడు. అనగా అప్పటికే ఆ పనికి పేరు వచ్చియుండెను. ఇన్ని సాక్ష్యములు కలిసిన పిమ్మటనే కుర్చీ ప్రక్కన “విశాఖపట్టణము” అని వ్రాయుటకు వీలగును.

ఈ పని చేసినవారు కంసాలులని తెలియుచున్నది. కాని వారిలో ఫలానావాడు ఈ కుర్చీ చేసెనని చెప్పుట దాదాపు అసాధ్యము. కుర్చీ కొనిన దొరల పేర్లు వీలునామాలలోను, ఆస్తి పట్టికలలోను దొరకును. బొమ్మ వేయించిన చిప్పెండేల్ పేరు ఒక తరహా కుర్చీలకే పేరైనది. దంతమును కోసి, పొదిగి, గీత గీసినవాని పేరు మాత్రము ఏ పుటలోను కానరాదు. ఇది న్యాయమా?

కావుననే పరిశోధకుడు పుస్తకములు మూసి మరల కుర్చీయొద్దకే వచ్చును. దానిని మెల్లగా తలక్రిందులు చేసి, దీపము దగ్గరకు తెచ్చి, అడుగున మెరుగుపెట్టని కర్రపై మిగిలిన ఉలిగాట్లను ఒక్కొక్కటిగా చూచుచుండును.