గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడుతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఎందుకని?

మన గజ్జల్లో, చంకల్లో, మెడలో చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. అవి ఉబ్బితే బిళ్ళ కట్టింది అంటాం.

మన చర్మంలో కాపలా కణాలు ఉంటాయి. ముల్లుతో పాటు క్రిమి లోపలికి పోతుంది. కాపలా కణం దాన్ని మింగుతుంది. ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను తన ఒంటిమీద పెట్టుకుని గ్రంథికి పోతుంది. అక్కడి టీ-కణాలకు చూపిస్తుంది. 'ఇదిగో దొంగ ఆనవాలు' అన్నట్టు!

ఆ ఆనవాలును పోల్చుకున్న టీ-కణం ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. చివరికి వేలవుతాయి. అందుకే బిళ్ళ ఉబ్బుతుంది. ఈ కణాలు క్రిమితో పోరాడతాయి. కొన్ని మిగిలిపోయి ఆ ఆనవాలును గుర్తుంచుకుంటాయి. బిళ్ళ ఎన్నాళ్ళకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

టీకా కూడా ఇంతే. రోగం రాకముందే ఆనవాలు చూపిస్తుంది. తట్టు టీకా బిడ్డకు 9 నెలలు నిండగానే వేయించాలి. 16-24 నెలల మధ్య మళ్ళీ వేయించాలి.

టీకాతో పాటు తిండీ ముఖ్యమే. తిండి చాలని బిడ్డలో టీ-కణాలు తగ్గుతాయి. రోగాలు తొందరగా పట్టుకుంటాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. తిండికీ రోగాలకూ ఉన్న సంబంధం గురించి ఇక్కడ పరిశోధిస్తారు. బిడ్డకు పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టాలి.

చదవండి, చెప్పండి:
మీ బిడ్డ టీకా కార్డు తీయండి. ఏ టీకాలు వేశారు? ఏవి మిగిలాయి?