ప్రింట్ల అమ్మకానికి ఒప్పుకునే ముందు

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. హైదరాబాద్‌లో ప్రింట్ల అమ్మకం పెడుతున్నారని, బొమ్మల ఎంపిక నిన్ను చేయమన్నారని రాశావు. ‘నేను బొమ్మలు వేసుకునేదాన్ని, నన్నెందుకు పిలిచారు పెదనాన్నా’ అని అడిగావు. వాళ్లకు నీ కన్నుతో పాటు నీ పేరూ కావాలమ్మా. ప్రింట్ల గురించి ఏమీ తెలియనివాళ్లు నిన్ను నమ్మి డబ్బు తీస్తారు. అందుకే ఒప్పుకునే ముందే ఒక షరతు పెట్టు: ప్రతి ప్రింటు పక్కన అంటించే చీటీలో ఏముండాలో చివరి మాట నీదే.

గందరగోళమంతా ఆ చీటీలోనే మొదలవుతుంది. రాగి పలక మీద యాసిడ్‌తో గీత కొరికించి, సిరా పూసి తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో ఒక్కొక్కటిగా తీసిన ఎచింగునూ ప్రింటే అంటాం. ఎప్పుడో వేసిన ఆయిల్ పెయింటింగును ఫోటో తీసి, ఇంక్‌జెట్‌లో కొట్టి, అడుగున పెన్సిల్‌తో 7/50 అని వేసిందాన్నీ ప్రింటే అని అమ్ముతున్నారు. కంప్యూటర్ మీదే పుట్టిన బొమ్మకు ఇంక్‌జెట్టే అసలు రూపం, దాంతో నాకు పేచీ లేదు. పెయింటింగుకు తీసిన నకలును మాత్రం నకలు అనే రాయించు. మిగతావాటికి పద్ధతి, కాగితం, సంవత్సరం, మొత్తం ఎన్ని ప్రతులు, అచ్చు తీసింది చిత్రకారుడేనా వేరే ప్రింటరా, ఇవన్నీ ఉండాలి. ఉత్త ‘లిమిటెడ్ ఎడిషన్’ అని రాసి ఊరుకుంటామంటే ఒప్పుకోకు.

ఎంపిక ఫోన్లో ఫోటోలు చూసి చేయకు. కాగితం చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకో. ఎచింగైతే పలక అంచు నొక్కుకున్న గుర్తు కనిపిస్తుంది, గీతల్లో సిరా కాస్త ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది. డ్రైపాయింట్ అయితే ఇంకా నిదానంగా చూడు. సూది గీసినచోట పక్కకు లేచిన లోహపు పొర సిరాను పట్టి ఉంచబట్టే ఆ మఖమల్ లాంటి నలుపు వస్తుంది. ప్రెస్ కింద ఆ పొర త్వరగా నలిగిపోతుంది, కొద్ది ప్రతులు తీసేసరికే నలుపు పలచబడుతుంది. అలాగని చిన్న నంబరైతే ముందు తీసిన ప్రతి అనుకుని, అడుగున ఉన్న అంకెను నమ్ముకుని కూర్చోకు. తడి ఆరాక కట్టగా పేర్చి, చేతికొచ్చిన వరుసలో నంబర్లు వేసేవాళ్లు చాలామంది. కొనేవాళ్లు ఒకటో నంబరు కోసం పోటీపడతారు, పడనీ. నువ్వు అచ్చు ఎలా పడిందో చూడు.

‘ఒక్క పెద్ద పేరైనా ఉండాలి’ అని గ్యాలరీవాళ్లు అడుగుతారు, అది ఖాయం. మనకు పెద్ద పేర్లకు కొదవా? చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి పేరుంది. నిజాంపూర్ లక్ష్మాగౌడ్, ధర్మపురి దేవరాజ్ డాకోజి ఉన్నారు. కానీ ఈ అమ్మకం నీ ఈడువాళ్లది. ఆ పేర్లు వీళ్ల పనుల మధ్య చేరిస్తే కొనేవాళ్ల చూపంతా అటే పోతుంది. ఎవరి దగ్గరైనా కృష్ణారెడ్డి ప్రింటు ఒకటి దొరికితే అరువు తెచ్చి, ‘అమ్మకానికి కాదు’ అని విడిగా పెట్టు. ఒకే పలకలో వేర్వేరు లోతులు చెక్కి, నూనె పాళ్లతో సిరాల చిక్కదనం మార్చి, మెత్తవీ గట్టివీ రోలర్లు వాడి రంగులన్నీ ఒక్కసారే అచ్చు తీసిన పని అది. ప్రతి కాగితానికీ ఆ సిరాలన్నీ మళ్లీ మొదటి నుంచి పూయాలి. ఒక ప్రింటుకు అంత ధర ఎందుకని అడిగేవాళ్లను దాని ముందుకు తీసుకెళ్లు.

నీ ప్రింట్లు మాత్రం ఇందులో పెట్టకు. బలవంతం చేసినా సరే.

ధర ఒప్పుకునే ముందు అసలు ప్రతులెన్నో చూడు. పాతిక ప్రతుల ఎడిషన్ అని చెప్పి, ‘ఎ.పి.’ అని రాసిన ఆర్టిస్ట్ ప్రూఫులు మరో పదిహేను బీరువాలో దాచుకున్నవాళ్లు ఉంటారు. మామూలుగా అవి ఎడిషన్‌లో పదో వంతు. ఎక్కువుంటే ఎందుకని అడుగు. ఎడిషన్ అయ్యాక పలకను గీతకొట్టి రద్దు చేశారో లేదో కూడా అడుగు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

ఫ్రేములవాణ్ణి గమనిస్తూ ఉండు, పలక గుర్తును మౌంటు కింద కప్పేస్తాడు. సెల్లోటేపు ముట్టుకోనివ్వకు. గోధుమపిండి జిగురు, పలచని జపాన్ కాగితం చాలు. అద్దం కాగితానికి తగిలితే మన వానాకాలం తేమకు బూజు పడుతుంది.

ఇక డబ్బు. అమ్ముడైన ఎన్నాళ్లకు చిత్రకారులకు ఇస్తారు, మిగిలిన ప్రతులు ఎవరి ఖర్చుతో వెనక్కి పంపుతారు, దారిలో పాడైతే ఎవరు భరిస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. నీ మాట మీద పని ఇచ్చిన పిల్లలు రేపు నిన్నే అడుగుతారు. రాసివ్వడానికి గ్యాలరీవాళ్లు నసిగితే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న