పొడిని నొక్కే లెక్క

జ్వరం వచ్చినప్పుడు మింగే మాత్రను ఎప్పుడైనా విరిచి చూశారా? అది కరిగించి పోసినది కాదు. మెత్తని పొడిని ఉక్కు అచ్చులో పోసి, ఉక్కు కడ్డీలతో గట్టిగా నొక్కి చేసిన బిళ్ల. యంత్రాలలో వాడే చిన్న పళ్లచక్రాలు కొన్నిటిని ఇనుప పొడితో ఇలాగే చేస్తారు. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు రియాక్టర్ల కోసం యురేనియం డయాక్సైడు పొడిని నొక్కి చిన్న చిన్న బిళ్లలు చేస్తారు.

నొక్కడంలో ఏముంది, బలం ఉంటే చాలు గదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి. ఒకసారి తరగతిలో సూది తీసేసిన సిరంజి మూతి కోసి, అందులో కాస్త తడిపిన బియ్యప్పిండి నింపాం. మూతిని బల్లకు ఆనించి పిస్టనుతో నొక్కాం. పిండిముద్దను బయటికి తోసి చూస్తే పిస్టను వైపు గట్టిగా ఉంది. రెండో కొస వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. మరి మనం పెట్టిన బలమంతా ఎక్కడికి పోయింది?

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట పీడనం పెంచితే అది ఏమాత్రం తగ్గకుండా అన్ని వైపులకూ అందుతుందని పాస్కల్ నియమంలో చదువుకొన్నారు. పొడి ఆ నియమానికి లొంగదు. పైనుంచి నొక్కినప్పుడు రేణువులు పక్కకు కూడా తోసి గోడను ఒత్తుతాయి. ఒత్తిన చోట ఘర్షణ పుడుతుంది. కిందికి దిగవలసిన బలంలో కొంత భాగాన్ని ఆ గోడే మోస్తుంది. జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లోనే ధాన్యపు గాదెల విషయంలో దీన్ని లెక్కకట్టి చూపాడు. ఎంత ఎత్తు ధాన్యం పోసినా గాదె అడుగున పీడనం ఒక హద్దు దాటి పెరగదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. అచ్చులోని పొడిని అడ్డంగా 10 పొరలుగా కోసినట్లు ఊహించండి. ఒక్కొక్క పొర దగ్గర గోడ 10 శాతం పీడనాన్ని మింగేస్తుందనుకొందాం. పైన 100 పెడితే మొదటి పొర దాటాక 90, తరువాత 81, ఆపైన 72.9. ఇలా పోగా పోగా పదో పొర కింద మిగిలేది సుమారు 35 మాత్రమే! అదే రెండు వైపులనుంచీ నొక్కితే? ఒక్కొక్క వైపునుంచి 5 పొరలు దాటితే చాలు, నడుమకు 59 అందుతుంది. మాత్రల యంత్రంలో పైనా కిందా రెండు కడ్డీలు ఎందుకుంటాయో తెలిసింది గదా!

అయినా నడుము కాస్త వదులుగానే ఉంటుంది. మాత్రకైతే ఫరవాలేదు గాని, యురేనియం బిళ్లకు అసలు చిక్కు ఇక్కడే. కాల్చని కుండను కుమ్మరి పచ్చి కుండ అన్నట్లే, నొక్కిన బిళ్ల ఇంకా పచ్చిదే. దాన్ని సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కొని బిళ్ల కుదించుకుపోతుంది. వదులుగా ఉన్న చోట కుదింపు ఎక్కువ. అందువల్ల నడుము సన్నబడి బిళ్లకు ఢమరుకం ఆకారం వస్తుంది. ఈ బిళ్లలు జిర్కోనియం మిశ్రలోహపు గొట్టంలో దాదాపు వెంట్రుక మందం సందుతో ఇమడాలి. అందుకే వాటిని మళ్లీ సానపట్టవలసి వస్తుంది.

మనం కాగితం మీద చేసిన పనినే కంప్యూటరు లక్షల సార్లు చేస్తుంది. దీన్నే సిమ్యులేషన్, అంటే అనుకరణ అంటారు. ఒక పద్ధతిలో పొడిని పొరలుగానే కాక వేలాది చిన్న గళ్లుగా విభజిస్తారు. ఒక గడి గట్టిపడేకొద్దీ దాన్ని ఇంకా నొక్కడం కష్టమవుతుంది. కంప్యూటరు ప్రతి మెట్టులోనూ దాన్ని కూడా లెక్కలోకి తీసుకొంటుంది.

1979లో కండాల్, స్ట్రాక్ అనే శాస్త్రజ్ఞులు వివరించిన పద్ధతి వేరు. అందులో ప్రతి రేణువునూ విడిగా తీసుకొని, దానిపై పడే బలాలన్నీ కూడి, మీరు చదివిన న్యూటన్ రెండో నియమంతోనే అది ఎటు కదులుతుందో క్షణక్షణానికీ లెక్కిస్తారు. చూడడానికి ముచ్చటైన పద్ధతే. కాని రేణువు వ్యాసం మిల్లీమీటరులో నూరో వంతు అనుకొంటే, ఒక్క గ్రాము యురేనియం డయాక్సైడులో 17 కోట్లకు పైగా రేణువులుంటాయి! అందుచేత కొద్దిపాటి రేణువులనే నమూనాగా తీసుకొంటారు.

ఇంత శ్రమ ఎందుకంటే, గట్టి ఉక్కుతో చేసే అచ్చు ఖరీదైనది. చేసిన తరువాత తప్పు తెలిస్తే దాన్ని పారేయవలసిందే. తెర మీది అచ్చునైతే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ఒక్క మాట. మన లెక్కలో ఆ 10 శాతం ఎక్కడినుంచి వచ్చింది? నేను ఊహించి చెప్పాను! కంప్యూటరుకూ అంతే, గోడ ఘర్షణ ఎంతో దానికి తెలియదు. ప్రయోగశాలలో నిజమైన పొడిని, నిజమైన గోడను తీసుకొని కొలిచి ఇవ్వాలి. తప్పు అంకె ఇస్తే తప్పు జవాబునే రంగురంగుల బొమ్మగా గీసి చూపిస్తుంది. చివరకు ఒక బిళ్లను కోసి, ముక్కల సాంద్రత కొలిచి సరిచూసుకోక తప్పదు.

మాత్రల పొడిలో మెగ్నీషియం స్టియరేట్ అనే జారుడు పదార్థం కొద్దిగా కలుపుతారు. దాని వల్ల పొరకు 5 శాతమే పోతోందనుకొని, ఒకవైపునుంచి మాత్రమే నొక్కుతూ పై లెక్కను మళ్లీ చేయండి. పదో పొర కింద 35కు బదులు సుమారు 60 మిగలాలి. అలా రాకపోతే ఎక్కడో ఒక పొర లెక్క తప్పినట్లే.